వైరాగ్యమా, వ్యాధియా? – మనసు కుంగినవారిని గుర్తించుట

దేవాలయమునకు వచ్చువారందరును సంతోషముతోనే వచ్చుదురని చెప్పుటకు వీలులేదు. మ్రొక్కు చెల్లించుటకు వచ్చువారు కొందరు, మ్రొక్కుకొనుటకు వచ్చువారు కొందరు. ఈ రెండు వర్గములకును చెందక, ఇంటివారు బలవంతము చేసినందున బయలుదేరి వచ్చి, మండపములో ఒక మూల కూర్చుండి, హారతి గంట మ్రోగినను తలయెత్తనివారు మరికొందరు కలరు. వారిని చూచి భక్తి లేదని ఒకరు, బద్ధకమని ఒకరు, గ్రహస్థితి బాగులేదని ఒకరు, వైరాగ్యము కలిగినదని మరియొకరు అనుకొందురు. ఈ నాలుగును కాక ఐదవది ఒకటి కలదు. అది వ్యాధి. వైద్యులు దానిని డిప్రెషన్ అందురు; పత్రికలవారు కుంగుబాటు అని వ్రాయుచున్నారు. దాని గుర్తులు యాత్రికులకును, దాతలకును తెలియవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కుంగుబాటు అను మాట నాకు నచ్చినది. మండవల్లి, కైకలూరు ప్రాంతములలో చేపల చెఱువుల గట్లను చూచినవారికి దాని అర్థము వివరింపనక్కఱలేదు. గట్టు తెగినచో చప్పుడగును, ఊరంతయు పరుగెత్తి వచ్చును. గట్టు కుంగునప్పుడు చప్పుడుండదు. దినమునకు కొంచెము చొప్పున లోలోపల జారుచుండును. పైన నడచువానికి కూడ తెలియదు. సంస్కృతములోని విషాద శబ్దమునకును ఇదియే అర్థము. 'సద్' ధాతువునకు శిథిలమగుట, పోవుట, కుంగుట అని వైయాకరణులు అర్థములు చెప్పిరి. దానికి 'వి' అను ఉపసర్గ చేరగా విషాదమైనది. అదే ధాతువునకు 'ప్ర' చేరగా ప్రసాదమైనది. కలకదేఱిన నీటివంటి నిర్మలత్వము ప్రసాద శబ్దమునకు ముఖ్యార్థము. గుడిలో మనము చేత పట్టునది ఆ నిర్మలత్వమునకు గుర్తు. ఒకే ధాతువునుండి పుట్టిన ఈ రెండు మాటలలో ఒకటి కోరి గుడికి వచ్చువాడు రెండవదానిలో మునిగియుండవచ్చునని మనము మఱవరాదు.

అయితే దుఃఖములన్నియు వ్యాధులు కావు. ఇంటిలో మరణము సంభవించినను, చెఱువులో చేప చచ్చి తేలినను, బిడ్డ పరీక్ష తప్పినను దుఃఖించుట మనుష్య స్వభావము. కొల్లేటిలోనికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలుగా ఎన్నో ఏరులును కాలువలును వచ్చి కలియును. సముద్రమునకు పోవు త్రోవ మాత్రము ఉప్పుటేరు ఒక్కటియే. వరద వచ్చుట వింత కాదు. ఉప్పుటేరు నీటిని లాగుచున్నంత కాలము వరద తీయును. అది సరిగా లాగనిచో లంక గ్రామములు దినముల తరబడి నీటిలోనే ఉండును. మనసు స్థితియు ఇట్టిదే. దుఃఖము అలలుగా వచ్చి పోవుచు, నడుమ నడుమ మనుమడి మాటకు నవ్వు వచ్చుచు, వేళకు కొంచెమైనను ఆకలి వేయుచున్నచో నీరు తీయుచున్నదని అర్థము. అట్లుగాక దాదాపు ప్రతి దినము, దినములో ఎక్కువ భాగము, రెండు వారములకు తగ్గకుండ మనసు మునిగియేయుండి, ఇంటిపని, వృత్తి, పూజ ఏదియు సాగనిచో వైద్యుని చూడవలసిన కాలము వచ్చినట్లే. ఈ రెండు వారముల గడువు వైద్యశాస్త్రము పెట్టినది.

ఏ వరదయు రాకయే కుంగువారును కలరు. పొలము, ఇల్లు, సంతానము, ఆరోగ్యము అన్నియు ఉండియు కుంగుదురు. అట్టివారిని పట్టుకొని "నీకేం తక్కువయ్యా?" అని అడుగుట మనకు పరిపాటి. ఆ ప్రశ్న వారు తమలో తాము వేయిసార్లు వేసికొని, సమాధానము దొరకక, అందుకు కూడ సిగ్గుపడుచుండినదే. దానిని మరల అడిగి ప్రయోజనము లేదు.

ఈ వ్యాధికి ప్రధానములైన గుర్తులు రెండు. మొదటిది విడువని దిగులు. రెండవది పూర్వము ఇష్టమైనదానిపై ఇష్టము నశించుట. మొదటిదానిని లోకము గుర్తించును, రెండవదానిని గుర్తింపదు. ఏండ్ల తరబడి శనివారము భజనలో తాళము వేసినవాడు ఇంటిలోనుండియు రాడు. ధనుర్మాసములో వీధి పొడవునా ముగ్గు పెట్టు ఇల్లాలు నీళ్ళు చల్లి లోనికి పోవును. కన్నీరు పెట్టనందున వీరికి దుఃఖమున్నదని ఎవరును అనుకొనరు. అడిగినచో "ఏమీ తోచడం లేదండీ, దేనిమీదా మనసు పోవడం లేదండీ" అందురు. ఈ మాట విన్నచోట చెవి నిలుపవలెను.

నిద్ర సంగతి మన ప్రాంతమువారికి విడిగా చెప్పవలసియున్నది. రొయ్యల చెఱువు, చేపల చెఱువు కలవాడు రాత్రులు నిద్రపోవడని అందరెఱుగుదురు. తెల్లవాఱుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గును. కరెంటు పోయినచో ఏరేటర్లు ఆగును. ఒక్క రాత్రిలో లక్షలు పోవును. అందుచేత నిద్రలేమి ఇచట వృత్తిధర్మముగా చెల్లుబాటగుచున్నది, వ్యాధి దాని చాటున దాగుచున్నది. భేదము తెలిసికొను ఉపాయము సులభము. కాపలావానికి కాపలా లేని రాత్రి నిద్ర ముంచుకొనివచ్చును. కుంగినవానికి పంట పట్టి, చెఱువు ఎండగట్టి, చేయవలసిన పని ఏమియు లేని దినములలో కూడ మూడు గంటలకే మెలకువ వచ్చి, మరల కన్ను మూతపడదు. ఆ తెల్లవాఱుజాముననే మనసు మిక్కిలి బరువుగా నుండి, సాయంకాలమునకు కొంచెము తేలికపడుటయు చాలమందిలో కనబడును. కొందరికి ఇందుకు విరుద్ధముగా నిద్ర ఎక్కువగును; పగలంతయు పడుకొనియే ఉందురు. వారిని సోమరులందుము.

ఆకలియు అట్లే. అన్నము సయించక బట్టలు వదులగునంతగా చిక్కువారు ఎక్కువ; అదుపులేక తినువారు కొందరు. నడక, మాట మందగించుట, లేదా ఒకచోట నిలువలేక ఇటునటు తిరుగుచుండుట, ఏ పనియు చేయకయే అలసిపోవుట కూడ గుర్తులే. మనవారు, అందునను పల్లెలవారు, "మనసు బాగోలేదు" అని వైద్యునితో చెప్పరు. తల దిమ్ముగా ఉన్నదనియు, కాళ్ళు చేతులు లాగుచున్నవనియు, గుండె దడ అనియు, కడుపులో మంట అనియు చెప్పుదురు. అవి అబద్ధములు కావు. మనసు బాధ దేహముద్వారా పలుకుచున్నది. బలమునకని సూదిమందులు వేయించుకొని, సెలైను ఎక్కించుకొని, పరీక్షలన్నియు చేయించుకొని, ఏమియు లేదనిపించుకొని తిరుగుచుందురు. ఇందులో పరీక్షలు మాత్రము వ్యర్థము కాదు. థైరాయిడ్ లోపము, రక్తహీనత, బి12 విటమిన్ కొఱత కూడ ఇట్టి గుర్తులనే చూపవచ్చును గనుక వైద్యుడు వానిని ముందుగా చూచుట న్యాయము. అవి లేవని తేలినప్పుడు విచారణ మనసువైపు మఱలవలెను.

ఇక దేవాలయములలో ఉన్నవారికి ఎక్కువగా ఎదురగు గుర్తు ఒకటి కలదు. అది అకారణమైన పాపభావము. "నా పాపం వల్లే ఇదంతా, పంతులుగారూ", "దేవుడు నన్ను వదిలేశాడండీ" అని వచ్చి ప్రాయశ్చిత్తము అడుగువారున్నారు. ముప్పది యేండ్ల క్రిందటి చిన్న పొరపాటును మహాపాతకముగా తలచి ఒకటికి నాలుగు శాంతులు చేయించుకొందురు. ధర్మశాస్త్రములు ప్రాయశ్చిత్తమును చేసిన దోషమునకు విధించినవి. దానికి ఒక పరిమాణమును, ఒక ముగింపును పెట్టినవి. చేసినచో దోషము తీరినట్లే. శాస్త్రోక్తముగా అన్నియు చేసిన పిమ్మటను "ఇంకా తీరలేదు" అని మనసు పీడించుచున్నచో అది పాపము కాదు, వ్యాధి యొక్క వాక్కు. అట్టివారిచేత ఐదవ శాంతి చేయించుట న్యాయము కాదని నా నిశ్చితాభిప్రాయము. దక్షిణ పుచ్చుకొని పంపుట కంటె, "అమ్మా, నీ దోషం తీరింది, నీకు ఒంట్లో బాగాలేదు, డాక్టరుగారికి చూపించుకో" అని చెప్పుటయే పురోహితధర్మము.

ఏకాగ్రత చెడుటయు ఒక గుర్తు. నలువది యేండ్లుగా నోటికి వచ్చిన సంధ్యావందనము నడుమ మఱచును. జపమాలలో లెక్క తప్పును. వృద్ధులలో దీనిని మతిమఱుపు అని సరిపెట్టుకొందురు. ముసలితనపు మతిమఱుపు అన్ని వేళల తిరుగునది కాదు. కుంగుబాటువలన వచ్చిన మతిమఱుపు చికిత్సతో చాలవఱకు తిరుగును. ఆ భేదము తేల్చువాడు వైద్యుడే.

వైరాగ్యమను భ్రమను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను, ఏలయన భక్తుల ఇండ్లలో ఈ వ్యాధి ఎక్కువగా దాగునది ఈ పేరు క్రిందనే. యోగవాసిష్ఠమున వైరాగ్య ప్రకరణము కలదు. పదునాఱేండ్లు నిండని శ్రీరాముడు తీర్థయాత్ర ముగించి అయోధ్యకు వచ్చిన పిమ్మట చిక్కిపోవుట, భోజనముపైనను అలంకారములపైనను ఇచ్ఛ లేకుండుట, ఏకాంతముగా కూర్చుండుట పరిచారకులు గమనించి దశరథునకు విన్నవించిరి. పైకి చూచిన ఇవి మనము చెప్పుకొన్న గుర్తులే. అయితే సభకు పిలిచి అడిగినప్పుడు రాముడు సంసారము యొక్క అసారత్వమును ఎంత స్పష్టముగా, ఎంత విస్తారముగా పలికెనో, సభ ఎట్లు విస్మయపడెనో ఆ గ్రంథము చదివినవారెఱుగుదురు. బుద్ధి కుంగలేదు, ఇంకను పదునెక్కినది. అది వైరాగ్యము. విరక్తునకు భోగములపై ఇచ్ఛ పోవును గాని, సత్యముపై ఇచ్ఛ పెరుగును; నిద్ర, మాట, కర్తవ్యము చెడవు; ఎదుటివానిపై దయ హెచ్చును; తనను తాను నీచునిగా తలచి తిట్టుకొనడు. కుంగినవానికి భోగములతోపాటు భగవంతుడును రుచింపడు. తాను ఎందుకును పనికిరానని అనుకొనును. ఒకటి విడుచుట, రెండవది చేజారుట. ఆ కథలో నాకు నచ్చిన సంగతి మరియొకటి కలదు: ముందుగా గమనించినవారు పరిచారకులు, తండ్రి వారి మాట త్రోసివేయలేదు.

పతంజలి మహర్షి యోగసాధనకు అంతరాయములను లెక్కించుచు మొట్టమొదట వ్యాధిని చెప్పెను. అంతరాయములతో కూడ వచ్చువానిలో దుఃఖము, దౌర్మనస్యము, దేహకంపము మొదలగువానిని చేర్చెను. దౌర్మనస్యమును ఆయన సాధనకు ఫలముగా కాక విఘ్నముగా చెప్పుట గమనింపదగినది.

గీత వినిపించిన చాలునని అనువారు కలరు. అర్జునుని అవయవములు పట్టుదప్పుట, నోరెండుట, చేతినుండి విల్లు జారుట, మనసు తిరుగుట వ్యాసభగవానుడు మొదటి అధ్యాయముననే వర్ణించెను. అది రణరంగమున అప్పటికప్పుడు కలిగిన విషాదము. నెలల తరబడి నిద్రాహారములు చెడి, రెండు వాక్యములు వరుసగా వినలేని స్థితిలో ఉన్నవానికి పదునెనిమిది అధ్యాయములు వినిపించి "ఇంకా తేరుకోలేదేమి?" అనుట భావ్యము కాదు. జ్వరము తగ్గిన పిమ్మట పథ్యము వలె, కొంత తేరుకొన్న పిమ్మట గీత తప్పక ఉపకరించును.

వ్యాధి అందరిలో ఒకే వేషము వేయదు. మగవారిలో చిరాకుగాను, అలవాటులేని కోపముగాను, త్రాగుడుగాను కనబడును. పిల్లలలో మొండితనము, చదువులో వెనుకబాటు. ప్రసవమైన తరువాత కొన్ని దినములు కంటనీరు వచ్చుట సామాన్యమే గాని, అది వారములు సాగి, తల్లి బిడ్డను చూచియు చూడనట్లుండినచో బాలింత గాలి సోకినదని తావీదు కట్టి ఊరకుండరాదు. 2015–16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ దేశములో జరిపిన సర్వేలో 20 మందిలో ఒకరు ఈ వ్యాధిని చవిచూచినట్లు తేలినది. అన్నదానమున ఒక పంక్తికి నూఱుమంది కూర్చుండినచో వారిలో ఎందరగుదురో లెక్కించుకొనవచ్చును.

ఇప్పుడు చెప్పునది కఠినమైన విషయము. కుంగినవారిలో కొందరికి ప్రాణముపై విరక్తి కలుగును. "నేను లేకపోతే మీకే సుఖం" అనుట, ఇష్టమైన వస్తువులు పంచియిచ్చుట, అప్పులు, పత్రములు తొందరగా సర్దుట, ఆరోగ్యముగా ఉన్నవాడు "ఇదే ఆఖరి దర్శనం" అనుట, బహుకాలపు దిగులు పిమ్మట ఒక్కసారిగా నెమ్మదించుట – వీనిని తేలికగా తీసికొనరాదు. సుందరకాండలో హనుమంతుని అంతవానికి ఇట్టి ఘడియ వచ్చెను. లంక అంతయు వెదకి సీతమ్మ కానరాక, నేను వట్టిచేతులతో పోయినచో రాముడు జీవింపడు, ఆయన లేనిదే లక్ష్మణుడుండడు, పిదప భరత శత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, వానరకులమంతయు నశించునని ఒకదానిపై ఒకటిగా తలచుకొని, తిరిగి పోకుండుటయే మేలని నిశ్చయింపబోయెను. కుంగిన మనసు ఆలోచించు తీరు సరిగా ఇదియే; ఒక్క అపజయమునుండి సర్వనాశనము వఱకు ఆగక పరుగెత్తును. జీవించియున్నవాడే శుభమును చూడగలడని తెలిసికొని ఆయన ఆగెను. అప్పటికి ఆయన వెదకని వనము ఒకటి మిగిలియుండెను. అమ్మ అందులోనే ఉండెను.

అట్టి మాట విన్నవారు ఏమి చేయవలెను? మహాపాతకమని, నరకమని బెదిరింపరాదు. అది ఇదివఱకే తనను పాపిగా తలచువానిని మరింత క్రిందికి త్రోయును. "చచ్చిపోవాలని అనిపిస్తోందా, తమ్ముడూ?" అని నెమ్మదిగా, సూటిగా అడుగవచ్చును. అడిగినందువలన లేని ఆలోచన పుట్టదని వైద్యులు స్పష్టముగా చెప్పుచున్నారు. అడిగినవాడు ఒకడు దొరకినాడని బరువు తగ్గుటయే ఎక్కువ. అశోకవనమున సీతమ్మ కూడ ప్రాణత్యాగమునకు సిద్ధపడిన వేళ హనుమ ఆమె ఎదుటికి దుమకలేదు. ఏ భాషలో పలికినచో ఆమె బెదరదో ఆలోచించి, కొమ్మ చాటునుండి రామకథను మెల్లగా చెప్పెను. మనము నేర్చుకొనవలసిన పద్ధతి అదియే: ముందు నమ్మకము, పిదప మాట. ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందు డబ్బాలు, మాత్రలు ఇంటిలోనుండి తీసివేయవలెను. ఈ జాగ్రత్త ఒక్కటే ఎన్నో ప్రాణములను నిలుపును. అపాయము దగ్గఱగా ఉన్నచో 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. పోలీసు కేసగునని దాచిపెట్టువారికి ఒక మాట: 2018 మే నెలనుండి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అట్టి ప్రయత్నము చేసినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి, శిక్షకు కాక సంరక్షణకు అర్హునిగా చూచుచున్నది.

చికిత్స కలదా అని అడుగుదురు. తప్పక కలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో టెలీ మానస్ అను ప్రభుత్వ సేవ రేయింబవళ్ళు ఉచితముగా, తెలుగులోనే మాటాడును. 2022 అక్టోబరులో ఇది మొదలైనది. ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యుని మొదట చూడవచ్చును. ఏలూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో మానసిక వైద్యులను చూడవచ్చును. వ్యాధి తేలికగా ఉన్నచో మాటలతో చేయు చికిత్సయే చాలవచ్చును. ఎక్కువగా ఉన్నచో మాత్రలు ఇత్తురు. అవి తలనొప్పి మాత్రవలె గంటలో పనిచేయవు. రెండు మూడు వారములకు గాని గుణము తెలియదు. చాలమంది పదవ దినముననే విసిగి మానివేయుదురు. మరికొందరు గుణము కనబడగానే మానివేయుదురు. తేరుకొన్న తరువాతను కనీసము ఆఱు నెలలు వాడవలసియుండును. మానునది కూడ వైద్యుడు చెప్పిన క్రమములోనే. పూర్వమెప్పుడైన నిద్రయే లేక, అంతులేని ఉత్సాహముతో, విచ్చలవిడిగా ఖర్చు చేసిన కాలమున్నచో ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. అప్పుడు మందులు మాఱును.

మందు వాడినచో భక్తికి లోపమని శంకించువారికి చరకుని మాట చాలును. సూత్రస్థానమున ఆయన చికిత్సను మూడు విధములుగా చెప్పెను: మంత్ర, హోమ, నియమాదులతో దైవమును ఆశ్రయించునది, ఆహారౌషధములతో యుక్తిని ఆశ్రయించునది, మనసును అహితమునుండి మఱలించునది. ఒకటి చేసినచో మరియొకటి కూడదని చెప్పలేదు. వ్యాధిని పెంచువానిలో విషాదమే మొదటిదని చెప్పినవాడును ఆయనయే.

2024 సెప్టెంబరు వరదలలో కొల్లేటి లంకలు మునిగినప్పుడు అన్నపు పొట్లములు, బట్టలు పంపిన దాతలు మన భక్తులలో ఎందరో కలరు. అట్టి సేవకు ఒక చేర్పు సూచింతును. కష్టము వచ్చిన మొదటి వారము అందరు వత్తురు. మూడవ నెలలో ఎవరును రారు. కుంగుబాటు ఆ మూడవ నెలలో కూడ కనబడవచ్చును. అప్పుడు పోయి "బాబాయ్, రాత్రి నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా?" అని అడిగి, అవసరమైనచో బస్సు చార్జీ పెట్టుకొని ఆసుపత్రికి వెంట పోవుట గొప్ప దానము. వైద్యుని కడకు ఒంటరిగా పోవు శక్తి ఈ రోగికి ఉండదు. అన్నదానమున వడ్డించువారును విస్తరివైపే కాక మనిషివైపు కూడ చూడవలెను. ముద్ద కలిపి, నోటికి ఎత్తక, అట్లే కూర్చుండినవాడు ఆ పంక్తిలో ఉండవచ్చును.

అయ్యప్ప దీక్ష, భవానీ దీక్ష పట్టువారికి చివరిగా ఒక విషయము. మాల వేసికొనగానే ఈ మాత్రలు ఆపివేయు అలవాటు కొందరిలో కలదు; నలువది యొక్క దినములు గడుచులోపల వ్యాధి తిరుగబెట్టును. వ్రతమును చెఱుపనివి ఎనిమిదని మహాభారతమున విదురుడు చెప్పెను: నీరు, కందమూలములు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము. ఔషధము పేరు అందులో స్పష్టముగా ఉన్నది. కావున ఉపవాస దినమున కూడ వైద్యుడు చెప్పిన వేళకు మాత్ర వేసికొనవచ్చును. దానికి కొంచెము ఆహారము అవసరమన్నచో పాలో, పండో పుచ్చుకొనవచ్చును. యాత్రకు బయలుదేరునప్పుడు ఆ దినములకు సరిపోవు మాత్రలను వైద్యుని చీటితో సహా చేతిసంచిలో పెట్టుకొని, వెంట వచ్చు గురుస్వామికి ఆ సంగతి ముందే చెప్పియుంచవలెను.